ఆగండి, మీరు దొరికిపోయారు

మా ఆఫీసు బాత్రూంలో లైటు మనిషి కదిలితేనే వెలుగుతుంది. కదలకపోతే ఆరిపోతుంది. కరెంటు ఆదా అని పెట్టారు. పెట్టినవాడు బాత్రూంకి మనుషులు దేనికి వెళ్తారో ఒక్కసారి కూడా ఆలోచించినట్టు లేదు. కాస్త స్థిమితంగా కూర్చుందాం అనుకునేసరికి చీకటి. అప్పుడు కూర్చున్నచోటే రెండు చేతులూ పైకెత్తి, వెళ్ళిపోతున్న బస్సుని ఆపుతున్నట్టు ఊపాలి. వెలుగుతుంది. దించితే ఆరుతుంది. మళ్ళీ ఊపాలి. బయట నిలబడి తలుపు కింద సందులోంచి చూసేవాళ్ళకి లోపల ఎవరో విడతలవారీగా బతుకుతున్నట్టుంటుంది.

దీని మీద నేను చాలాసార్లు కంప్లైంట్ చేశాను. మా ఆఫీసులో కరెంటుతో నడిచేవాటన్నిటి మీదా కంప్లైంట్లు నా దగ్గరికే వస్తాయి కాబట్టి అవన్నీ నాకే వచ్చాయి. చూస్తానని నాకు నేనే చెప్పుకుని పంపేశాను.

పోయిన వారం మీరు నన్ను సరిగ్గా అక్కడే వదిలేసి వెళ్ళారు. బాత్రూంలో, చీకట్లో, చేతులు ఊపుకుంటూ. అక్కడికి ఎలా వచ్చి పడ్డానో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. పాతవాళ్ళు ఈలోపు టీ పెట్టుకోండి.

మాది భవనాలకి ప్లాన్లు గీసే ఆఫీసు. నేను కంప్యూటర్లు చూసుకుంటాను. ప్లాన్లు గీసేవాళ్ళలో మా వదిన ఒకరు. వదిన అంటే మా ఆవిడకి స్వయానా అక్క. ఆ ఉద్యోగం నేనే చెప్పి ఇప్పించాను. ఆ సంగతి సందర్భం ఉన్నా లేకపోయినా ఇంట్లో గుర్తుచేస్తుంటాను. ఈ మధ్య వదిన ఒక క్లబ్బు కోసం మెట్లు గీసింది. గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, మధ్యలో స్తంభం ఉండదు, బరువంతా పక్క గోడ మోస్తుంది. మా సార్ ఆ డ్రాయింగ్ ని మనవడి ఫోటోలాగా వచ్చినవాళ్ళందరికీ చూపించాలని ఉవ్విళ్ళూరుతూ, క్లయింటు చూసేదాకా ఆగుదామని ఓపిక పట్టారు. ఈలోపు ఆ మెట్లు మా పోటీ కంపెనీ వాళ్ళ రంగుల బ్రోచర్లో వచ్చేశాయి.

ఎవరో పెన్ డ్రైవ్ లో పట్టుకుపోయారు, ఎవరో తేల్చమని సార్ నన్ను పిలిచి చెప్పారు. మా మిషన్లు లైనక్స్ మీద నడుస్తాయి. అందులో ఒక సుఖం ఉంది. పెన్ డ్రైవ్ గుచ్చగానే ఏం చెయ్యాలో మనం ముందే రూలు రాసి పెట్టుకోవచ్చు. తెరవమనొచ్చు, తెరవద్దనొచ్చు, అసలు చూడనట్టే ఊరుకోమనొచ్చు. ఊరుకోమంటే పనైపోయేది. ఎవడు ఏం గుచ్చినా మిషన్ పట్టించుకోదు, దొంగ వాడంతట వాడే విసిగి వెళ్ళిపోతాడు. కానీ అందులో నా గొప్పేం కనిపిస్తుంది? అందుకని అరవమని రాశాను.

అరుపు కూడా నా గొంతుతోనే రికార్డు చేశాను. "ఆగండి. మీరు దొరికిపోయారు."

"దొంగని మీరు అనడం ఏంటయ్యా?" అన్నారు సార్.

"ఎవరు దొరుకుతారో మనకి తెలీదు కదా సార్. ఒకవేళ క్లయింటు గుచ్చితే బాగుండదు."

నిన్న సాయంత్రం వదిన మిషన్లో ఆ రూలు పెట్టి, ఒక పెన్ డ్రైవ్ గుచ్చి చూశాను. చక్కగా అరిచింది. ఇవాళ పొద్దున వదిన వచ్చి, లంచ్ బాక్స్ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, మిషన్ ఆన్ చేసింది. ఇంకేమీ చెయ్యలేదు. మిషన్ అరిచింది. ఒకసారి కాదు. ఒకదాని మీద ఒకటి పడుతూ, ఒకటి అయిపోకముందే ఇంకోటి అందుకుంటూ, నేను చాలామందినై వదిన చుట్టూ నిలబడి అరుస్తున్నట్టు అరిచింది. ఆఫీసంతా లేచి నిలబడింది. సార్ గదిలోంచి బయటికొచ్చి వదిన వైపు చూశారు. వదిన నా వైపు చూసింది. నేను బాత్రూంకి వెళ్ళాను.

ఇదీ కథ ఇప్పటిదాకా. టీ పెట్టుకున్నవాళ్ళు వచ్చేయొచ్చు.

మూడోసారో నాలుగోసారో లైటు ఆరినప్పుడు నాకు విషయం వెలిగింది. ఈ లైటుకి మనిషంటే కదిలేది. కదిలితే చాలు, పిల్లయినా ఒకటే, పెద్దమనిషైనా ఒకటే. నా రూలూ అంతే. దొంగ పెన్ డ్రైవ్ వస్తే అరవమని నేననుకున్నాను. యూఎస్‌బీ దారిలో ఏది వచ్చినా అరవమని రాశాను. మిషన్ ఆన్ అయినప్పుడల్లా, అప్పటికే తగిలించి ఉన్న ప్రతి వస్తువూ దానికి కొత్తగా వచ్చినట్టే లెక్క. కీబోర్డు వచ్చింది, ఒక అరుపు. మౌస్ వచ్చింది, ఒక అరుపు. బొమ్మలు గీసే పలక వచ్చింది, ఒక అరుపు. పైగా స్పీకరు సిద్ధమయ్యేదాకా అందరూ ఆగండి అని కూడా జాగ్రత్తగా రాశాను. అవన్నీ బుద్ధిగా ఆగి, తలుపు తీయగానే ఒకేసారి మీద పడ్డాయి.

నిన్న నేను పరీక్ష చేశాను. మిషన్ ఆపి మళ్ళీ వేసి మాత్రం చూడలేదు. చొక్కా కుట్టినవాడు తొడిగి చూసినట్టే చూశాను, చెయ్యి ఎత్తి చూడలేదు.

మొహం కడుక్కుని బయటికొచ్చాను. చెప్పేద్దామనే వచ్చాను. దయచేసి అది నమ్మండి, ఎందుకంటే తర్వాత జరిగింది చదివితే నమ్మబుద్ధి కాదు.

సార్ గదికి అద్దాల గోడలు. లోపల వదిన నిలబడి ఉంది. బయట అందరూ పని చేసుకుంటున్నట్టు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే సార్ కుర్చీ చూపించారు. వదినకి చూపించలేదు.

"ఏం పెట్టారమ్మా మిషన్లో?" అన్నారు.

"ఏమీ పెట్టలేదు సార్. ఆన్ చేశాను, అంతే."

"ఏమీ పెట్టకుండా ఊరికే అరుస్తుందా?"

"అరిచింది కదా సార్."

"ఆ మెట్ల ఫైలు మీ మిషన్లో తప్ప ఇంకెక్కడా లేదు."

"నేను గీసిన మెట్లు సార్. నా మెట్లు నేనే దొంగతనం చేస్తానా?" వదిన గొంతు పెరగలేదు. ఆఫీసులో చేరినప్పటి నుంచీ ఎవరూ ఆవిడ గొంతు పెరగడం వినలేదు. బయట ప్రింటరు కూడా ఆగిపోయింది.

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పవయ్యా. నువ్వు రాసింది కదా. అది తప్పు చెప్పే అవకాశం ఏమైనా ఉందా?"

ఉంది సార్. రెండు మాటలు. అందులో ఒకటి మర్యాద కోసం. అవి నాలిక మీదకి వచ్చి నిలబడ్డాయి. అప్పుడే సార్ చెయ్యి నా భుజం మీద పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ చెయ్యి ఎప్పుడూ నా దాకా రాలేదు. "ఈ మనిషి తెలివి మనం ఇన్నాళ్ళూ వాడుకోలేదమ్మా" అన్నారు సార్, వదినతోనే.

"చూడాలి సార్" అన్నాను నేను.

డాక్టరు రిపోర్టు చూసి 'చూడాలి' అంటే ఎలా ఉంటుందో అలా వినిపించింది అది. సార్ నిట్టూర్చారు. వదిన తలొంచుకుంది. కాసేపు ఇంటి దగ్గర ఉండమన్నారు సార్, పిలిచేదాకా. వదిన వెళ్ళి స్కేలూ పెన్సిళ్ళూ బ్యాగులో సర్దుకుని, తెరవని లంచ్ బాక్స్ చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది. నా టేబుల్ పక్కనుంచే వెళ్ళింది. నేను అప్పుడు ఒక వైరుని చాలా శ్రద్ధగా చూస్తున్నాను.

లెక్కలు వేసే ఎస్టిమేట్ ఆయన వచ్చి నా వీపు తట్టాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టేశావు."

సార్ నాకోసం కాఫీ చెప్పించారు. తాగాను. బాగుంది. ఇప్పటికీ నన్ను తినేస్తున్నది ఆ కాఫీయే. బాగుండకపోతే ఇంత సిగ్గేసేది కాదు.

సరే, జరిగింది జరిగింది, ముందు ఆ వెధవ రూలు సరిచేసి, తర్వాత సార్ కి నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. మా కంప్యూటర్లవాళ్ళ జాతికి ఇదో జబ్బు. తప్పు ఒప్పుకునే ముందు తప్పు లేకుండా చేసేసుకుంటాం. వదిన కుర్చీలో కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. పెన్ డ్రైవ్ లాంటివి వస్తే మాత్రమే, అదీ ఒక్కసారి మాత్రమే అరవమని రూలు మార్చాను. కీబోర్డుకీ మౌస్ కీ క్షమాపణ చెప్పినట్టు రాశాను. ఫైలు మూసేసరికి వెనక సార్ నిలబడి ఉన్నారు.

"ఏదీ, ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి. ఊరికే అరుస్తుందేమో మనమూ చూద్దాం. అమ్మాయి మరీ అంత గట్టిగా చెప్పింది."

చూశారా, సార్ మంచివారే. ఆవిడకి ఒక అవకాశం ఇద్దామని వచ్చారు. నేను మిషన్ ఆపి మళ్ళీ వేశాను. ఆఫీసంతా ఊపిరి బిగబట్టింది. మిషన్ వెలిగింది. తెర వచ్చింది. చీమ చిటుక్కుమనలేదు.

సార్ జేబులోంచి తన పెన్ డ్రైవ్ తీసి గుచ్చారు.

"ఆగండి. మీరు దొరికిపోయారు" అంది నా గొంతు. ఒక్కసారి. స్పష్టంగా. మర్యాదగా.

"అంటే పొద్దున ఆవిడ ఏదో పెట్టే ఉంటుంది" అన్నారు సార్, చాలా బాధగా.

అలా నేను ఒక్క పూటలో ఒక నిర్దోషిని దొంగని చేసి, ఆవిడకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నా చేత్తోనే చెరిపేసి, కాఫీ కూడా తాగాను. దొంగతనం చేసినవాడెవడో గానీ, నాకన్నా తక్కువ పనే చేసి ఉంటాడని అప్పుడనుకున్నాను.

సాయంత్రం ఇంటికెళ్తే గుమ్మంలో వదిన చెప్పులున్నాయి. పక్కనే వాటి మీద పడకుండా నా చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది.

వదిన హాల్లో సోఫా చివర కూర్చుని ఉంది. లంచ్ బాక్స్ బల్ల మీద అలాగే ఉంది. మా ఆవిడ నాకేసి చూసి, "ఏవండీ, ఆఫీసులో ఎవడో వెధవ మిషన్లో ఏదో పెట్టి అక్కని అల్లరి చేశాడట, ఎవడో మీకు తెలుసా?" అంది. వదిన నా పేరు చెప్పలేదన్నమాట. మధ్యాహ్నం నుంచీ కూర్చుని, చెల్లెలి మొగుడి పేరు చెప్పకుండా, కథంతా చెప్పింది.

"తెలుసు" అన్నాను. "ఆ వెధవని నేనే."

చెప్పాను. బాత్రూంలో తెలిసింది, గదిలో చెప్పలేనిది, తర్వాత సరిచేసి చెడగొట్టింది, అన్నీ చెప్పాను. కాఫీ సంగతి మాత్రం దాచాను. మా ఆవిడ నిలబడ్డది నిలబడ్డట్టే కుర్చీలో కూలబడింది.

వదిన అంతా విని, "అంటే మరిదిగారూ, నా కీబోర్డుని చూసి అరిచిందా?" అంది.

"కీబోర్డు, మౌస్, పలక. అందరినీ చూసి."

"అసలు అరవకుండా, ఏది గుచ్చినా తెరుచుకోకుండా ఆపేసే వీలు లేదా దాంట్లో?"

"ఉంది."

"చాలా కష్టమా?"

"ఒక టిక్కు తీసేస్తే చాలు."

వదిన బల్ల మీది లంచ్ బాక్స్ ని కాస్త పక్కకి జరిపింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకి మనం సమాధానం చెప్పుకోవచ్చు.

"పోనీలెండి" అంది వదిన చివరికి. "రేపు పొద్దున్నే సార్ కి ఈ మాట చెప్పేయండి. అందరి ముందూ అరిచింది కదా, అందరి ముందూ చెప్పండి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. మా ఆయనకి మాత్రం ఇది తెలియనివ్వకండి, ఊరంతా చాటుతారు."

మాటిచ్చాను. ఇచ్చాక తేలిగ్గా అనిపించింది. అక్కడితో ఈ వారం అయిపోతే మీకూ నాకూ సుఖంగా ఉండేది.

బెల్ మోగింది. వదినని తీసుకెళ్ళడానికి వాళ్ళాయన వచ్చాడు. ఆయన నా తోడల్లుడు. వరసకి అన్నయ్య, వృత్తికి ఇళ్ళలో టైల్స్ వేయించే కాంట్రాక్టరు, అందుకని మా ఇంట్లో టైల్స్ అన్నయ్య. మనిషి వస్తే ముందు గొంతు వస్తుంది.

"ఏం తమ్ముడూ, పాటలేమైనా కొత్తవి దించావా?" అంటూ కీ గొలుసుకున్న పెన్ డ్రైవ్ విప్పి తిన్నగా మా ఇంటి కంప్యూటర్ దగ్గరికెళ్ళాడు. వారం వారం జరిగేదే.

మా ఇంటి కంప్యూటర్ సంగతి మీకు మొదటి వారాల్లో గొప్పగా చెప్పుకున్నాను, కొందరు మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా రాశారు. అది మా అత్తారింటి టైపు. ఎవరొచ్చినా కాదనదు. గుచ్చిన పెన్ డ్రైవ్ లో ఏముంటే అది దించుకుని 'అందరిదీ' అనే ఫోల్డర్లో పెట్టుకుంటుంది. ఆ ఫోల్డర్లో ఉన్నవన్నీ వచ్చినవాళ్ళ పెన్ డ్రైవ్ లో పోసి పంపిస్తుంది. వచ్చినవాళ్ళు వేలు కదపక్కర్లేదు. అన్నయ్య కాపీ ఎలా చెయ్యాలని ప్రతివారం ఫోన్ చేసి చంపుతుంటే ఆయనకోసమే రాశాను ఆ రూలు. దీనికీ నా గొంతే పెట్టాను.

అన్నయ్య గుచ్చాడు.

"రండి, రండి. మీదే ఆలస్యం" అంది కంప్యూటర్.

వదిన ఆ గొంతుకి ఉలిక్కిపడి లేచి నిలబడింది. పొద్దుటి గొంతే కదా. లేచినావిడ అలాగే తెర దగ్గరికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుంది. తెర మీద పేర్లు వరసగా కిందికి జారుతున్నాయి. పాటలు. నీలం బాత్రూం టైల్స్. మట్టిరంగు వంటగది టైల్స్. ఇచ్చినవి ఇచ్చినట్టు, ముందే ఉన్నవి 'ఇది మీ దగ్గర ఉంది' అని చూపిస్తూ పోతోంది. అంత మర్యాదగా రాశాను.

ఒక చోట వదిన వేలు పెట్టింది.

'మెట్లు చివరిది, ఇదే చివరిది, సార్ చూశాక చివరిది. ఇది మీ దగ్గర ఉంది.'

అలా పేర్లు పెట్టేది ప్రపంచంలో మా వదిన ఒక్కతే.

"ఇది నా ఫైలు" అంది. "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?"

నాకు తెలిసిపోయింది. కిందటి నెల వదిన మిషన్లో డిస్కు కీచుమంటుంటే, పోతుందేమోనని అందులోవన్నీ ఇంకో డిస్కులోకి ఎత్తాను. అది వేరే మిషన్లో తెరుచుకుంటుందో లేదో చూద్దామని ఇంటికి తెచ్చి ఒక్క నిమిషం గుచ్చాను. నేను ఏ ఫైలూ ముట్టుకోలేదు. తెరుచుకుంది, బాగుంది అనుకుని పీకేశాను. ఆ నిమిషంలో ఇది రండి రండి అని చేసే మర్యాదంతా చేసేసింది. ఆ వారమే అన్నయ్య వచ్చి ఉంటాడు. ఆయనకీ చేతినిండా పెట్టి పంపింది.

"బావగారూ" అంది మా ఆవిడ, గొంతు చాలా మామూలుగా పెట్టి, "ఈ పెన్ డ్రైవ్ మీరు ఎవరికైనా ఇచ్చారా?"

"దీన్నా? అందరికీ ఇస్తాను. టైల్స్ ఫోటోలు ఇందులోనేగా ఉండేది. ఆ పెద్ద కంపెనీ ఉంది చూడు, మీ ఆఫీసుకి పోటీ, అక్కడ ఒకాయన ఫోటోలు కాపీ చేసుకుంటానంటే అక్కడే పెట్టి, కిందకెళ్ళి టీ తాగొచ్చాను. చాలా మర్యాదస్తుడు. తర్వాత పని కూడా ఇచ్చాడు. ఏంటి, అందరూ అలా ఉన్నారు? టైల్స్ నచ్చలేదా?"

వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

"మరిదిగారూ, పొద్దున ఆ మిషన్ ఎవరి గొంతుతో అరిచింది?"

"నా గొంతుతోనే."

"ఏమని?"

"వదినగారూ..."

"ఏమని అరిచింది?"

మా హాల్లో, మా ఆవిడ ముందు, తోడల్లుడి ముందు, నా నోటితో నేను చెప్పాను. "ఆగండి. మీరు దొరికిపోయారు."

ఈసారి ఆ గొంతు సరైన మనిషినే చూసి అరిచింది.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన చర్చ మీకు క్లుప్తంగా చెప్తాను. విషయం అర్థమయ్యాక టైల్స్ అన్నయ్య గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతంత అయింది. పెన్ డ్రైవ్ ని సుత్తితో కొట్టేద్దాం అన్నాడు. తీసుకొచ్చాడు కూడా, టైల్స్ మీద తట్టి చూసే చెక్క సుత్తి. మా ఆవిడ వద్దంది. సగమే చెప్పండి, అరుపు తప్పని మాత్రం చెప్పండి, మెట్లు ఎలా పోయాయో మనకెందుకు, అంది. సగం చెబితే మిగతా సగం కోసం సార్ వెతుకుతారు, వెతికితే దారి తిన్నగా ఈయన కీ గొలుసు దగ్గరికే వస్తుంది, అప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసి అమ్ముకున్నారంటారు అంది వదిన. అన్నీ చెప్పేయమంది. మొగుడి పనిపోయినా, మరిది ఉద్యోగం పోయినా.

"అన్నీ చెబితే నమ్ముతారా అక్కా?" అంది మా ఆవిడ. "ఫైలు దానంతట అది నడుచుకుంటూ వచ్చి, దానంతట అది మీ ఆయన పెన్ డ్రైవ్ లో ఎక్కిందంటే, నేనైనా నమ్మను. అందులోనూ ఉద్యోగం ఇప్పించింది ఈయన, గీసింది నువ్వు, పట్టుకెళ్ళింది బావగారు. ముగ్గురూ ఒకే ఇంటి అల్లుళ్ళూ ఆడపిల్లలూ."

"నిజం కదే."

"నిజమే. అదే గొడవ."

వదిన నా వైపు తిరిగింది. "పొద్దున చూడాలి అన్నారు కదా. చూశారుగా. ఇంక చెప్పండి" అంది. కోపంగా అనలేదు.

సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. సార్.

"రేపు పొద్దున క్లబ్బువాళ్ళు వస్తున్నారయ్యా. దొంగ దొరికిందని వాళ్ళకి చెప్పకపోతే పని మనకి దక్కదు. నువ్వే మిషన్ వేసి, అది ఎలా పట్టుకుందో వాళ్ళ ఎదుట చూపించాలి. మీ వదినకీ కబురు పెడుతున్నాను, ఆవిడా వస్తుంది. అన్నట్టు ఆవిడ భర్త టైల్స్ పని చేస్తాడటగా. ఆ కంపెనీతో అతనికేమైనా సంబంధం ఉందేమో కనుక్కోగలవా? దగ్గరివాడివి కాబట్టి అడుగుతున్నాను. నీ ఒక్కడి మీదే నాకు నమ్మకం."

"ఒక్క నిమిషం సార్" అని, ఫోన్ చేత్తో మూసి, బాత్రూంలోకి వచ్చి గడియ పెట్టుకున్నాను.

మా ఇంటి బాత్రూం లైటుకి తెలివితేటలేవీ లేవు. వేస్తే వెలుగుతుంది, ఆర్పేదాకా వెలుగుతూనే ఉంటుంది. నేను కదలకుండా కూర్చున్నా ఆరడం లేదు. ఎదురుగా అద్దం ఒకటి. ఆఫీసుదే నయం, అక్కడ కాసేపైనా మనల్ని మనం చూసుకోనక్కర్లేదు.

తలుపు బయట ముగ్గురు ఉన్నారు. ఒకరు అంతా చెప్పమంటున్నారు, ఒకరు సగం చెప్పమంటున్నారు, ఒకరి చేతిలో సుత్తి ఉంది. పాఠకులారా, మీలో ఉద్యోగాలు చేసేవాళ్ళున్నారు, తోడల్లుళ్ళు ఉన్నవాళ్ళున్నారు, నాలాగే తెలివైనవాళ్ళు కూడా ఒకరిద్దరు ఉండకపోరు. అంతా చెబితే వదిన ఇల్లు పోతుంది, సగం చెబితే వదిన పరువు పోతుంది, ఏమీ చెప్పకపోతే నాకు ఇంకో కాఫీ వస్తుంది. మీరైతే ఏం చేస్తారు? సిగ్గు విడిచి అడుగుతున్నాను, అది విడవడానికి ఇంకా కాస్త మిగిలి ఉంటే. మీ ఉత్తరం వచ్చేసరికి రేపు దాటిపోతుందని నాకూ తెలుసు. అయినా రాయండి. ఇంటికి మాత్రం రాయకండి, పత్రికకే రాయండి. మా ఇంటికి వచ్చినదేదైనా అందరికీ కాపీ అయిపోతుంది.

సార్ ఇంకా లైన్లోనే ఉన్నారు. "ఏమయ్యా, ఉన్నావా?" అంటున్నారు. మొదటి మాట ఒక్కటి చెప్పండి చాలు, ఏమని మొదలుపెట్టను?